చిలంచీ మూత కింద: హైదరాబాద్ పెద్ద ఇళ్లలో స్నానం, శుచి, పాయిఖానా

బిద్రీ పనివాళ్లు చేసిన పాత వస్తువుల్లో రెండు ఎప్పుడూ జంటగా ఉండేవి. ఒకటి ఆఫ్తాబా. సన్నటి మెడ, వంపు తిరిగిన కొమ్ము ఉన్న నీళ్ల కూజా అది. రెండోది చిలంచీ. వెడల్పాటి అంచు, మధ్యలో చిల్లుల మూత ఉన్న లోతు గిన్నె. జింకులో కొద్దిగా రాగి కలిపి పోతపోసి, వెండి పొదిగి, బీదర్ కోట మట్టితో నలుపు రప్పించిన ఈ జంట భోజనానికి ముందూ తర్వాతా చేతులు కడిగించడానికి. నవాబు ఇంట్లో దస్తర్‌ఖాన్, అంటే భోజనానికి నేల మీద పరిచే గుడ్డ, ముందు కూర్చున్న అతిథి లేచి ఎక్కడికీ వెళ్లనక్కర్లేదు. ఒక నౌకరు చిలంచీ పట్టుకుని ఎదుట వంగేవాడు. ఇంకొకడు ఆఫ్తాబా వంచి చేతుల మీద సన్నని ధారగా నీళ్లు పోసేవాడు. జిడ్డు వదలడానికి శనగపిండి, తుడుచుకోవడానికి రుమాలు అక్కడికే వచ్చేవి. కడిగిన మురికినీరు చిల్లుల గుండా మూత కిందికి జారిపోయేది. అది అతిథి కంట పడకూడదు.

హైదరాబాద్ పెద్ద ఇళ్ల శుభ్రత గురించి తెలుసుకోవాలంటే ఆ మూతతోనే మొదలుపెట్టాలి. ఇవాళ శుభ్రత అనగానే మనకు ఒక గది, గోడలో గొట్టం, నల్లా గుర్తుకొస్తాయి. కుతుబ్‌షాహీల కాలం నుంచి అసఫ్‌జాహీల చివరి దశకాల వరకు ఈ నగరంలో శుభ్రత అంటే ప్రధానంగా మనుషులు. నీళ్లు మోసే మనిషి, కాచే మనిషి, పోసే మనిషి, ఒళ్లు రుద్దే మనిషి, బట్టలు ఉతికే మనిషి, తెల్లవారకముందే వెనక తలుపు నుంచి వచ్చి మలం ఎత్తుకెళ్లే మనిషి. నవాబు కడుక్కున్నదీ నీళ్లతోనే, పేదవాడు కడుక్కున్నదీ నీళ్లతోనే. పళ్లకు వేపపుల్ల, తలకు కుంకుడుకాయ ఇద్దరికీ తెలిసినవే. తేడా అంతా ఆ నీళ్లు ఎవరు మోశారన్న దగ్గరే ఉంది.

స్నానాన్ని భోగంగా చూడటం దక్కనులో సుల్తానుల కంటే చాలా ముందుది. 1948 వరకు నిజాం రాజ్యంలోనే ఉన్న కల్యాణి, అంటే నేటి బసవకల్యాణ్, పశ్చిమ చాళుక్యుల రాజధాని. అక్కడి రాజు మూడో సోమేశ్వరుడు 1130 ప్రాంతంలో రాసిన మానసోల్లాసంలో రాజు అనుభవించవలసిన భోగాలను వరుసగా చెబుతూ స్నానానికీ తాంబూలానికీ విలేపనానికీ వేర్వేరు అధ్యాయాలు కేటాయించాడు. నూనెకు పూలవాసన పట్టించడం, దాన్ని ఒంటికి మర్దన చేయించుకోవడం, ఆ జిడ్డును పిండితో తీయించుకోవడం, ఆపై నీళ్లు. మన ఇళ్లలో పండగ పూట ఇప్పటికీ సాగే అభ్యంగనం, నలుగు, సున్నిపిండి ఇదే వరుస. పండగకు ఇంటి పెద్దావిడ చేసే పని రాజుగారికి రోజూ నౌకర్లు చేసేవారు.

ఆ తర్వాత నాలుగు వందల ఏళ్లకు విజయనగరం వచ్చిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్ కృష్ణదేవరాయల తెల్లవారుజామును కళ్లకు కట్టాడు. రాయలు చీకటితోనే లేచి నువ్వుల నూనె తాగుతాడు, అదే నూనె ఒళ్లంతా పట్టిస్తాడు, మట్టితో చేసిన బరువులు ఎత్తుతాడు, కత్తి తిప్పుతాడు, నూనె అంతా చెమటగా బయటికి వచ్చే దాకా ఆగడు. మల్లుడితో కుస్తీ పట్టి, గుర్రమెక్కి మైదానంలో పరుగులు తీయించి, ఆ తర్వాతే స్నానానికి వెళతాడు. రాజు పవిత్రుడిగా భావించే ఒక బ్రాహ్మణుడు ఆయనకు స్వయంగా స్నానం చేయిస్తాడు. ఈ వర్ణనలో గమనించవలసింది చివరి మాట. అంత బలశాలి, బరువులు తానే ఎత్తినవాడు, నీళ్లు మాత్రం తానే పోసుకోడు. పోయించుకోవడం హోదా.

గోల్కొండలో దీనికి రెండు మార్పులు వచ్చాయి. ఒకటి నీటిని ఎత్తే యంత్రాంగం, రెండోది హమ్మాం, అంటే ఆవిరి స్నానశాల. కోటకు నీళ్లు ప్రధానంగా దుర్గం చెరువు నుంచి వచ్చేవి. ఇవాళ కేబుల్ వంతెన దీపాల కోసం జనం చేరే చెరువే అది. కొండ కొనన ఉన్న లోపలి కోట బాలాహిసార్ వరకు నీళ్లు ఎక్కాలంటే ఒక్క ఎత్తున కుదరదు. పర్షియన్ చక్రాలతో ఒక తొట్టి నుంచి దానికంటే పైనున్న తొట్టికి, అక్కడి నుంచి ఇంకా పైకి, అంచెలంచెలుగా ఎక్కించేవారు. పైకి చేరాక మిగతా పని పల్లమే చూసుకునేది. గోడల్లో కప్పెట్టిన కాల్చిన మట్టి గొట్టాల గుండా నీళ్లు మహళ్లకు, తోటలకు, ఫౌంటెన్లకు జారేవి. శిథిలాల్లో పగిలిన గోడల మధ్య ఆ మట్టి గొట్టాలు నేటికీ కనిపిస్తాయి. గైడ్లు వాటిని చూపి ఆనాటి ఇంజనీరింగ్ గొప్పతనం చెబుతారు, అది నిజంగా గొప్పదే. కానీ ఆ చక్రాలు వాటంతట అవి తిరగలేదు. పశువులనూ వాటిని తోలే మనుషులనూ కలుపుకుంటేనే ఆ యంత్రాంగం పూర్తవుతుంది.

హమ్మాం ఈ నేలకు పశ్చిమాసియా నుంచి వచ్చిన అలవాటు. ఇది తొట్టిలో మునిగే స్నానం కాదు. కింద మంట, పైన వేడెక్కిన నేల, గుమ్మటంలో చిన్న రంధ్రాల నుంచి దిగే వెలుతురు, ఒక గది కంటే తర్వాతి గది వేడి. ఆవిరికి ఒళ్లు మెత్తబడ్డాక గరుకు సంచీ చేతికి తొడుక్కున్న పనివాడు మట్టి తీసేవాడు, కీళ్లు విరిచేవాడు, ఆపైన వేడినీళ్లు, చల్లనీళ్లు. మన నూనె మర్దనకూ దీనికీ చుట్టరికం ఉన్నా తీరు వేరు. మనది నూనెతో మురికిని లాగే పద్ధతి, వారిది చెమటతో వదిలించే పద్ధతి. రెండింటికీ ఉమ్మడి విషయం, నిలిచిన నీళ్లలో కూర్చోవడాన్ని రెండూ శుభ్రతగా ఒప్పుకోకపోవడం. పారే నీళ్లే శుచి. తొట్టిలో మునిగి అదే నీళ్లలో సబ్బు రుద్దుకునే ఐరోపా పద్ధతి ఇక్కడి హిందువులకూ ముస్లింలకూ ఒకేలా వింతగా తోచడానికి కారణం అదే.

కుతుబ్‌షాహీ సమాధుల ప్రాంగణంలో ఉన్న హమ్మాం ఈ పరంపరకు మిగిలిన అందమైన సాక్ష్యం. రాజవంశీకుల దేహాలకు ఖననానికి ముందు అక్కడే చివరి స్నానం చేయించేవారు. మధ్యలో పన్నెండు కోణాల నక్షత్రాకారపు వేదిక, రాతిలో పొదిగిన నల్లరాతి గీతలు, వేడినీటికీ చన్నీటికీ వేర్వేరు దారులు. ఆ పన్నెండు కోణాలను పన్నెండుగురు ఇమాములకు గుర్తుగా చెబుతారు. 1518లో స్వతంత్ర పాలన మొదలుపెట్టిన సుల్తాన్ కులీ కాలపు కట్టడమిది. ఆగాఖాన్ సంస్థ ఇటీవల ఈ ప్రాంగణాన్ని పునరుద్ధరించినప్పుడు హమ్మాం రూపురేఖలు మళ్లీ తేటపడ్డాయి. అక్కడి మెట్లబావులను బాగు చేసినందుకు 2022లో యునెస్కో పురస్కారం కూడా దక్కింది. బతికినన్నాళ్లూ ఇతరుల చేత స్నానం చేయించుకున్న రాజుకూ, జీవితమంతా తానే నీళ్లు పోసుకున్న కూలీకీ చివరి స్నానంలో మాత్రం తేడా ఉండదు. ఇద్దరినీ ఇంకొకరి చేతులే కడుగుతాయి.

1591లో చార్మినార్ చుట్టూ కొత్త నగరం లేచాక నీటి తీరు మారింది. 1560లలో ఇబ్రహీం కుతుబ్‌షా తవ్వించిన హుస్సేన్‌సాగర్, నగరం నడిబొడ్డున గుల్జార్ హౌజ్, పెద్ద ఇళ్ల ముంగిళ్లలో హౌజులు, అంటే నీటి తొట్లు. దేవిడీ, అంటే నవాబుల పెద్ద ఇల్లు. దాని కట్టడంలో హౌజు లేని ముంగిలి ఊహకందదు. అది వేసవిలో గాలికి చల్లదనం ఇస్తుంది, నమాజుకు ముందు కాళ్లూ చేతులూ ముఖమూ కడుక్కునే వుజూకు పనికొస్తుంది, చూపుకు అందంగా ఉంటుంది. మరి స్నానానికి, వంటకు, తాగడానికి నీళ్లు ఎక్కడివి? బావి నుంచి, చెరువు నుంచి, మషక్‌లో. మేక తోలుతో కుట్టిన ఆ తిత్తిని వీపున వేసుకుని వచ్చే భిస్తీ లేకపోతే దేవిడీలో పొద్దు గడిచేది కాదు. టిప్పు సుల్తాన్ పతనం తర్వాత, 1800లు మొదలైన కొద్ది ఏళ్లకే నిజాం దివాను మీర్ ఆలం పేరిట కట్టిన చెరువు పాతబస్తీకి పెద్ద ఆధారమైంది. ఇరవై ఒక్క అర్ధచంద్రాకారపు కమానులతో నీటి ఒత్తిడిని కాచుకునే ఆ కట్ట నేటికీ నిలిచే ఉంది. దాని నీళ్లు చివరి మెట్టు వరకు చేరింది మాత్రం మనుషుల భుజాల మీదే.

జనానాలో, అంటే ఆడవాళ్లు ఉండే లోపలి భాగంలో, శుభ్రతకు ఇంకో పార్శ్వం ఉంది, అది పరిమళం. తలంటు తర్వాత ఊదు పొగ మీద కురులు ఆరబెట్టుకోవడం, బట్టలు దాచే పెట్టెలో అత్తరు అద్దిన దూది ఉంచడం, వచ్చినవారి మీద గులాబ్‌పాష్‌తో పన్నీరు చిలకడం. మన ఇళ్లలో బాలింతకూ పసిబిడ్డకూ సాంబ్రాణి పొగ వేసే అలవాటు దీనికి తోబుట్టువు. అత్తర్లలో ఋతుభేదం కూడా ఉండేది. ఎండాకాలానికి వట్టివేరు వాసనగల ఖస్, తొలకరి మట్టివాసన పట్టిన మిట్టీ అత్తరు. చలికాలానికి హినా, శమామా, ఊద్. చార్మినార్ పక్కన అత్తరు దుకాణంలో ఇప్పటికీ కాలాన్ని బట్టే సీసా తీస్తారు. పరిమళాన్ని స్నానానికి బదులు వాడారని కొందరు తేలిగ్గా రాస్తుంటారు. దక్కను విషయంలో అది తప్పు. ఇక్కడ అత్తరు స్నానం తర్వాత వచ్చేది.

ఆ మాట ఐరోపాకు కొంత వరకు వర్తిస్తుంది, అదీ జాగ్రత్తగా చెప్పాలి. ఫ్రాన్సు రాజు పద్నాలుగో లూయీ జీవితంలో రెండు మూడు సార్లే స్నానం చేశాడన్న కథ తెలుగులో కూడా తెగ తిరుగుతోంది. ఆయన వెర్సాయ్‌లో 1670లలో ప్రత్యేకంగా స్నానపు గదులే కట్టించుకున్నాడు, ఎనిమిది పలకల పెద్ద పాలరాతి తొట్టి చెక్కించాడు. అది నేటికీ ఉంది. అయితే వేడినీళ్లు చర్మరంధ్రాలను తెరిచి రోగాన్ని లోపలికి రానిస్తాయన్న భయం అక్కడి వైద్యుల్లో పద్నాలుగో శతాబ్దపు ప్లేగు నాటి నుంచీ ఉండేది. అందుకే ఒంటిని నీళ్లతో కడగడం కంటే తెల్లని నార చొక్కాను తరచూ మార్చడమే శుభ్రతకు గుర్తయింది. చొక్కా మురికిని పీల్చేస్తుందన్నది వారి నమ్మకం. హైదరాబాద్‌లో ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఒకసారి తొడిగిన బట్ట మళ్లీ తొడిగేవాడు కాదని చెబుతారు. పురానీ హవేలీలో ఒక పొడవాటి హాలంతా రెండు అంతస్తుల్లో ఆయన బట్టల అల్మారాలే. పోలిక పైకి కనిపించినంత దగ్గరిది కాదు. లూయీ చొక్కా స్నానం స్థానంలోకి వచ్చింది. మహబూబ్ పాషా షేర్వానీ స్నానానికి అదనంగా వచ్చింది. రెండు చోట్లా సమానమైనదల్లా ఉతికే చేతుల లెక్కలేనితనం.

రాజు ఒంటికి దగ్గరగా ఉండటం ఎంత గొప్ప పదవో కూడా రెండు చోట్లా ఒకేలా కనిపిస్తుంది. ఇంగ్లండులో ఎనిమిదో హెన్రీ దగ్గర రాజు మలవిసర్జన వేళ సేవ చేసే ఉద్యోగం ఒకటి ఉండేది. అది నీచమైన పని కాదు, కులీనులు పోటీపడే కొలువు, ఎందుకంటే ఆ ఏకాంతంలో రాజు చెవి దొరుకుతుంది. లూయీ మలవిసర్జనకు చిల్లు కుర్చీ మీద కూర్చున్న వేళ లోపలికి రాగల అనుమతిపత్రం ఫ్రెంచి ప్రభువులకు గౌరవం. మన వైపు మొగలుల గుసల్‌ఖానా ఉంది. మాటకు అర్థం స్నానాల గది. స్నానాల గది పక్కన చక్రవర్తి అతి కొద్దిమందితో రాజ్యవిషయాలు మాట్లాడే అలవాటు పడి, చివరికి ఆ ఆంతరంగిక సభ పేరే గుసల్‌ఖానా అయిపోయింది. దానికి దారోగా, అంటే పర్యవేక్షక అధికారి, ఉండేవాడు, లోపలికి ఎవరిని పంపాలో ఆయన చేతిలో ఉండేది. ఔరంగజేబు 1687లో గోల్కొండను గెలిచాక ఆ దర్బారు మర్యాదలు దక్కనుకు దిగాయి. మొగలు సేవలోనే పెరిగిన మొదటి అసఫ్ జా 1724 నుంచి వాటి మీదే తన కొలువు కట్టుకున్నాడు.

కానీ సేవల్లోనూ మెట్లున్నాయి. రాజు చేతుల మీద నీళ్లు పోయడం గౌరవం. రాజు ఇంటి బావి నుంచి నీళ్లు మోయడం కూలి. రాజు మలం ఎత్తడం కులం.

పాయిఖానా విషయానికి వస్తే, రెండు మతాల నియమాలూ ఆశ్చర్యం కలిగించేంత సూక్ష్మమైనవి. ధర్మశాస్త్రం జంధ్యాన్ని కుడిచెవికి చుట్టుకోమంటుంది, పగలు ఉత్తరానికి, రాత్రి దక్షిణానికి ముఖం పెట్టమంటుంది, మట్టితోనూ నీళ్లతోనూ శుద్ధి చెప్తుంది. ఇస్లామీయ మర్యాద ఎడమకాలు ముందు పెట్టి లోపలికి వెళ్లమంటుంది, ఖిబ్లా, అంటే నమాజు చేసే మక్కా దిక్కు, వైపు కూర్చోవద్దంటుంది, నీళ్లతో ఎడమచేత్తో శుభ్రం చేసుకోమంటుంది. ఒకరి చేతిలో చెంబు, ఇంకొకరి చేతిలో కొమ్ము ఉన్న లోటా. శరీరం మీద మురికి మిగలకూడదన్న పట్టుదల ఇద్దరిదీ. ఆ మురికి తర్వాత ఎక్కడికి పోతుంది అన్న ప్రశ్నకు మాత్రం ఏ శాస్త్రమూ ఇంత శ్రద్ధగా జవాబు చెప్పలేదు.

ఊళ్లో అయితే జవాబు సులువు. బహిర్భూమి అన్న మాటే ఊరి బయటి నేల అని చెబుతోంది. దొడ్డికి వెళ్లడమంటే పెరటి వైపు వెళ్లడం. కోటగోడల మధ్య కిక్కిరిసిన నగరంలో, అందులోనూ పరదా పాటించే జనానాలో, బయటి నేల ఎక్కడిది? అక్కడ పుట్టింది ఇంటి పాయిఖానా, పాతబస్తీ మాటలో సండాసు. ఎత్తైన అరుగు, మధ్యలో సందు, కింద బుట్టో రేకు డబ్బానో, వెనక గోడకు నేలబారున చిన్న తలుపు. లోపలి మనిషికీ వెనక తలుపు మనిషికీ ముఖపరిచయం ఉండదు. తట్ట నెత్తిన పెట్టుకుని వెళ్లేవారిలో ఎక్కువమంది స్త్రీలు. వానాకాలంలో తట్ట నుంచి ముఖం మీదికి కారేది. ఎంత గొప్ప దేవిడీ అయినా, ఎన్ని అత్తరు సీసాలున్నా, ఈ ఏర్పాటు మాత్రం పక్కసందులోని నడితరగతి ఇంటికంటే మెరుగ్గా ఉండేది కాదు. పెద్ద ఇంటికి ఉన్న సౌకర్యమల్లా ఆ తలుపు తమ గదులకు ఇంకాస్త దూరంగా పెట్టుకోగలగడం.

ఇక్కడ మాటల చరిత్ర కొంత ఓపికగా చూడవలసినది. భిస్తీ అన్న మాట బిహిష్త్ నుంచి వచ్చింది, అంటే స్వర్గం. దప్పిక తీర్చేవాడు స్వర్గానికి చెందినవాడు. మలం ఎత్తేవారికి పెట్టిన మెహతర్ అన్న పేరుకు ఫార్సీలో పెద్దవాడు, రాజకుమారుడు అని అర్థం. అక్బరు పెట్టాడని చెప్పే హలాల్‌ఖోర్ అన్న పేరుకు న్యాయంగా సంపాదించి తినేవాడు అని అర్థం. తెలుగులోకి వచ్చిన పాకీ అన్న మాట పాక్ నుంచి పుట్టింది, అంటే పవిత్రం. నాలుగూ ఉన్నతమైన పేర్లే. స్వర్గం, రాచరికం, న్యాయార్జన, పవిత్రత. వీటిలో భిస్తీ మాట గౌరవం నిలబెట్టుకుంది, మిగతావి తిట్లుగా మారాయి. పేరు ఎంత గొప్పదైనా పని మారకపోతే, ఆ పని పుట్టుకతో అంటగట్టినదైతే, మాటే పనిలోకి కూరుకుపోతుంది. పాక్ లాంటి మాటను తెలుగువాడు నోటితో అనడానికి సంకోచించే మాటగా మార్చింది భాష కాదు, వెనక తలుపు.

నగరం బయట, తెలంగాణ దొరల కోటల్లాంటి ఇళ్లైన గడీలలో ఇదే కథ వెట్టి రూపంలో నడిచింది. దొరకు గడ్డం గీసి ఒళ్లు పట్టే మంగలి, గడీకి నీళ్లు మోసి బట్టలు ఉతికే చాకలి, కాగులూ కుండలూ ఇచ్చే కుమ్మరి, ఎవరికీ కూలి లేదు. దేవిడీ నౌకరుకు ఎంత తక్కువైనా జీతమో తిండో ఉండేది. గడీ దొర స్నానానికి మాత్రం ఊరంతా పన్ను కట్టినట్టే. 1920లలో నిజాం ప్రభుత్వం వెట్టిని నిషేధిస్తూ ఫర్మానాలు ఇచ్చింది. పల్లెల్లో అది ఆగడానికి సాయుధ పోరాటం దాకా రావలసి వచ్చింది.

కోఠీలో బ్రిటిష్ రెసిడెన్సీ, 1806లో ఏర్పడిన సికింద్రాబాద్ కంటోన్మెంటు ఈ ఏర్పాటుకు కొత్త సామగ్రిని మాత్రమే తెచ్చాయి. నిజాం దర్బారులో బ్రిటిష్ ప్రతినిధి అయిన కిర్క్‌ప్యాట్రిక్ కట్టించిన రెసిడెన్సీ ముంగిట గ్రీకు స్తంభాలు ఉన్నాయి. ఆ కాలపు బంగళాల్లో స్నానాల గది అంటే రేకు తొట్టి, చెక్క పెట్టెలో పళ్లెం అమర్చిన కమోడు, నీళ్లు పోవడానికి గోడలో కన్నం, వెనక నుంచి వచ్చి పళ్లెం తీసుకెళ్లేవారికి వేరే ద్వారం. వేడినీళ్లు భిస్తీయే తెచ్చేవాడు. అప్పటికి లండన్ కూడా ముందున్నదేమీ కాదు. జాన్ హారింగ్టన్ 1596లోనే నీళ్లతో కొట్టుకుపోయే మరుగుదొడ్డి చేశాడు, వాసన వెనక్కి రాకుండా ఆపే వంపు గొట్టానికి అలెగ్జాండర్ కమింగ్ 1775లో పేటెంటు తీసుకున్నాడు. అయినా ఆ మరుగుదొడ్ల మురుగంతా థేమ్స్‌లో కలిసి 1858 వేసవిలో పార్లమెంటు భవనంలో కూర్చోలేనంత కంపు కొట్టాకే అక్కడ పెద్ద మురుగు కాలువలు తవ్వారు. ఇంటిలోని పరికరం శుభ్రత ఇవ్వదు, దాని వెనక గొట్టం ఎక్కడికి పోతుందన్నది ఇస్తుంది. ఈ సత్యం లండన్‌కు కంపుతో తెలిసింది, హైదరాబాద్‌కు వరదతో తెలిసింది.

1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి వేలమందిని మింగింది. ఆ తర్వాతే మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించారు. వరదను ఆపే జలాశయాలే తాగునీరు కూడా ఇవ్వాలన్నది ఆలోచన. 1920లో మూసీ మీద ఉస్మాన్‌సాగర్, 1927లో ఈసీ మీద హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. నగర మురుగునీటి పథకానికి కూడా విశ్వేశ్వరయ్యే రూపం ఇచ్చారు. 1911 ప్రాంతంలో ప్లేగు వచ్చి పోయాక 1912లో ఏర్పడిన నగరాభివృద్ధి మండలి ఇరుకు బస్తీలను తెరిచి, గాలీ వెలుతురూ వచ్చే ఇళ్లు కట్టే పని చేపట్టింది. వరద నాటికి పాలించింది ఆరో నిజామే అయినా, ఈ పనులు జరిగింది ఏడో నిజాం ఉస్మాన్ అలీ ఖాన్ కాలంలో. 1937లో టైమ్ పత్రిక ప్రపంచంలోకెల్లా ధనవంతుడని ముఖచిత్రం వేసిన ఆయన కింగ్‌కోఠీలో పాత బట్టలతో, ఆడంబరం లేకుండా గడిపాడు. తండ్రి అల్మారాలతో పోలిస్తే ఆయన వార్డ్‌రోబు ఏమీ లేదు. అయినా ఈ నగరపు శుభ్రతకు ఆయన పాలన చేసినంత మేలు ఏ హమ్మాం చేయలేదు. నలుగురు నౌకర్లు లేని ఇంటికి కూడా నీళ్లు నడిచి వచ్చాయి.

ఆ నీళ్లు వచ్చింది నల్లాలో. కోస్తాలో కొళాయి అంటారు, ఇక్కడ నల్లా. నల్ అంటే గొట్టం. నల్లా వచ్చాక భిస్తీ వృత్తి ఒకటి రెండు తరాల్లో కనుమరుగైంది. ఇవాళ హైదరాబాద్‌లో నల్లా వచ్చిందా అంటే నీళ్లు వచ్చాయా అని అర్థం. నీళ్లనూ గొట్టాన్నీ జనం ఒకటిగా చూస్తారు, మధ్యలో ఉండే మనిషి ఎవరికీ గుర్తు లేడు.

వెనక తలుపు మాత్రం అంత త్వరగా మూసుకోలేదు. ఇది ఎందుకు జరిగిందన్నది ఈ వ్యాసానికి అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న. ఒక కారణం డబ్బు. నీటి గొట్టం సన్నది, ఒత్తిడి ఉంటే ఎత్తుకు కూడా ఎక్కుతుంది. మురుగు గొట్టం లావుది, పల్లం తప్పకుండా దొరకాలి, ప్రతి ఇంటికీ తవ్వాలి, తవ్వినా దండిగా నీళ్లు లేకపోతే పనిచేయదు. రెండో కారణం డబ్బుకు సంబంధించినది కాదు. నీళ్లు మోసే మనిషికి ఇంటివాడు కూలి ఇవ్వాలి, అతను రాకపోతే పొయ్యి వెలగదు. మలం ఎత్తే మనిషికి మిగిలిన అన్నమో పాత బట్టో ఇస్తే సరిపోయేది, ఆమె వేరే పని అడిగే దారే లేదు. చేతులు అంత చవకగా దొరికినప్పుడు గొట్టం కోసం తొందరపడేవారు ఎవరు? దేవిడీల దగ్గర డబ్బుకు కొదవ లేదు. అయినా పాలరాతి నేలలు, బెల్జియం అద్దాలు, షాండిలియర్లు వచ్చిన ఇళ్లలోనే వెనక సందు తలుపు చాలాకాలం అలాగే నిలిచింది. షాండిలియర్ అతిథికి కనిపిస్తుంది, వెనక తలుపు కనిపించదు. చిలంచీ మూత చేసిన పనే పెద్ద ఎత్తున గోడ చేసింది.

నగరంలో తొలి భూగర్భ మురుగు కాలువలు పడిన అరవై ఏళ్ల తర్వాత, 1993లో, మనుషుల చేత మలం ఎత్తించడాన్నీ పొడి మరుగుదొడ్లు కట్టడాన్నీ నిషేధిస్తూ చట్టం వచ్చింది. దాన్ని అమలు చేయించడానికి సఫాయి కర్మచారీ ఆందోళన్ ఊరూరా తిరిగి పొడి మరుగుదొడ్లను లెక్కపెట్టి, కూల్చి, కోర్టుకెక్కవలసి వచ్చింది. దాన్ని ముందుండి నడిపిన బెజవాడ విల్సన్ తెలుగు పారిశుద్ధ్య కార్మికుల కుటుంబంలో పుట్టినవాడు, ఆయనకు 2016లో మెగసెసే పురస్కారం లభించింది. 2013లో వచ్చిన రెండో చట్టం మురుగు కాలువల్లోకీ సెప్టిక్ ట్యాంకుల్లోకీ రక్షణ లేకుండా మనిషిని దించడాన్ని కూడా నేరం చేసింది. బుట్ట పోయి మ్యాన్‌హోల్ వచ్చింది, బుట్ట మోసిన ఇళ్ల పిల్లలనే అందులోకి దించారు, విషవాయువులకు ప్రాణాలు పోయాయి. ఇంకా పోతున్నాయి.

2017లో హైదరాబాద్ జలమండలి చిన్న జెట్టింగ్ యంత్రాలను దించింది. పెద్ద లారీ పట్టని పాతబస్తీ సందుల్లోకి దూరగల వాహనాలవి. నీటి ఒత్తిడితో పూడిక తీస్తాయి, మనిషి దిగనక్కర్లేదు. వాటిని నడిపే బాధ్యత దళిత పారిశ్రామికవేత్తలకు ఇచ్చారు. ఏ సందుల్లో ఒకప్పుడు తెల్లవారకముందే తట్టలు నడిచాయో, దేవిడీల వెనక గోడలు ఎటు తిరిగి ఉన్నాయో, ఆ సందుల్లోనే ఇప్పుడు ఆ బండ్లు పట్టపగలు, అందరూ చూస్తుండగా, మూతలు తీసి పనిచేస్తున్నాయి.